ప్రభుత్వ నైపుణ్య శిక్షణ కేంద్రం పెట్టవచ్చా? టార్గెట్ ఎలా వస్తుంది, డబ్బు ఎప్పుడు చేతికందుతుంది?

పార్వతీపురం నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. పట్టణంలో తమకు రెండంతస్తుల భవనం ఖాళీగా ఉందని, అందులో ప్రభుత్వ నైపుణ్య శిక్షణ కేంద్రం పెడితే ఏడాదికి 300 మంది టార్గెట్ ఇప్పిస్తానని, తలకు ఇంత చొప్పున ప్రభుత్వమే సొమ్ము కడుతుందని, అందుకు ముందుగా కొంత అడ్వాన్సు ఇవ్వాలని ఒక మధ్యవర్తి చెప్పాడట. దిగవచ్చా, వద్దా అన్నది వారి మొదటి సందేహం. కోట్లమందికి శిక్షణ ఇచ్చామని లెక్కలు చెబుతుంటే మా ఊరి పిల్లలకు ఉద్యోగాలు ఎందుకు కనబడటం లేదన్నది రెండోది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో గ్రామీణ యువతకు హాస్టల్ వసతితో శిక్షణ ఇచ్చే కేంద్రాల బాధ్యత చాలా ఏళ్లు చూసినవాడిని కాబట్టి, ఈ రెండు ప్రశ్నలకూ వివరంగానే జవాబు రాస్తాను. నిజానికి రెండింటికీ మూలం ఒక్కటే.

ముందు సూటిగా చెబుతాను. మధ్యవర్తికి ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. కేంద్రం పెట్టాలన్న ఆసక్తి నిజంగా ఉంటే, శిక్షణ పూర్తయిన పిల్లలను తీసుకుంటామని చెప్పే సంస్థలు కనీసం రెండు మూడు ముందే చేతిలో ఉన్నప్పుడు, ప్రభుత్వం నుంచి విడత సొమ్ము ఆలస్యమైనా ఆరేడు నెలలపాటు ట్రైనర్ల జీతాలు, కరెంటు బిల్లు, మెస్సు ఖర్చు భరించగల స్తోమత ఉన్నప్పుడు మాత్రమే దిగండి. ఈ రెండూ లేకుండా టార్గెట్ కాగితం ఒక్కటే చూసుకుని దిగినవాళ్లు నష్టపోవడం నేను చూశాను. వాళ్లకంటే ఎక్కువ నష్టపోయింది ఆ బ్యాచుల్లో చేరిన పిల్లలు, నెలల తరబడి జీతం అందని ట్రైనర్లు.

టార్గెట్ అనే మాట విన్నప్పుడు అది మనకు ఖాయమైన ఆదాయమని అనిపిస్తుంది. అది అనుమతి మాత్రమే. ఇంతమందికి శిక్షణ ఇస్తే, ఈ షరతులన్నీ నెరవేరితే, ఇంతవరకు చెల్లిస్తామని ప్రభుత్వం చెప్పే గరిష్ఠ పరిమితి అది. ఢిల్లీలో మంత్రిత్వశాఖ రాష్ట్రాలకు సంఖ్య నిర్ణయిస్తుంది, రాష్ట్రంలోని మిషన్, అంటే అక్కడ పథకాన్ని నడిపే ప్రభుత్వ విభాగం, దాన్ని శిక్షణ సంస్థల మధ్య పంచుతుంది, సంస్థ తన కేంద్రాలకు పంచుతుంది. గ్రామీణ యువత కోసం 2014లో వచ్చిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన, అంటే అందరూ డీడీయూజీకేవై అని పిలిచే పథకం, ఆంధ్రప్రదేశ్‌లో సీడాప్ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా, తెలంగాణలో ఈజీఎంఎం అనే సంస్థ ద్వారా నడుస్తోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ జాతీయ పథకం కంటే ముందే, గ్రామీణ యువతకు ఉద్యోగంతో ముడిపెట్టి శిక్షణ ఇచ్చే పనిని మొదలుపెట్టిన సంస్థ ఈజీఎంఎం. డీడీయూజీకేవైలో కేంద్ర ప్రభుత్వం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. రాష్ట్రం వాటా జమ కాకపోయినా, అంతకుముందు తీసుకున్న సొమ్మును ఎలా ఖర్చు చేశారో చూపే వినియోగ ధ్రువపత్రాలు వెళ్లకపోయినా తర్వాతి విడత ఆగిపోతుంది. మీ కేంద్రంలో తప్పేమీ జరగకపోయినా మీ డబ్బు ఆగవచ్చునన్న సంగతి మొదటి రోజే గుర్తుపెట్టుకోండి.

మొత్తం సంఖ్యలో ఎవరికి ఎంత అన్నది కూడా నిర్ణయమై ఉంటుంది. డీడీయూజీకేవై మార్గదర్శకాల ప్రకారం నిధుల్లో సగం ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు, 15 శాతం మైనారిటీలకు కేటాయించాలి, మూడోవంతు మహిళలు ఉండాలి. మన్యంలో ఎస్టీ పిల్లల సంఖ్య గురించి ఇబ్బంది ఉండదు, కానీ వాళ్లను ఇల్లు కదిలించి తీసుకురావడం వేరే పని. దాని గురించి కింద రాస్తాను.

ఇక డబ్బు విషయం. 2015 జులైలో కేంద్ర ప్రభుత్వం అన్ని శాఖల నైపుణ్య పథకాలకూ వర్తించేలా ఉమ్మడి నిబంధనలు ప్రకటించింది. కోర్సులను మూడు కేటగిరీలుగా విభజించి, ఒక్కో అభ్యర్థికి గంటకు 38.50, 33, 27.50 రూపాయల చొప్పున మూల ధరలు పెట్టారు. తర్వాతి సవరణల్లో ఇవి పెరిగాయి కాబట్టి దరఖాస్తు చేసేటప్పుడు అప్పటికి అమల్లో ఉన్న ఉత్తర్వు తీసుకుని లెక్క వేసుకోండి. విధానం అర్థం కావడానికి ఇక్కడ 2015 ధరలనే వాడుతున్నాను. ఆ నిబంధనల్లో సొమ్ము మూడు విడతలు: బ్యాచ్ మొదలై అభ్యర్థుల వివరాలు సరిచూసిన తర్వాత 30 శాతం, పరీక్ష పాసై సర్టిఫికెట్ వచ్చాక 50 శాతం, ఉద్యోగాలు చూపించాక 20 శాతం. డీడీయూజీకేవైలో ఇదే 25, 50, 15, 10 శాతాల చొప్పున నాలుగు విడతలుగా ఉండేది.

ఒక బ్యాచ్ తీసుకుని చూద్దాం. 30 మంది అభ్యర్థులు, 300 గంటల కోర్సు, రెండో కేటగిరీ. తలకు 9,900 రూపాయలు, మొత్తం 2,97,000. మధ్యవర్తి మీకు చూపించిన సంఖ్య బహుశా ఇలాంటిదే అయి ఉంటుంది. మొదటి విడతగా 89,100 వస్తాయి. నెల తిరిగేసరికి ఆరుగురు మానేశారనుకోండి. ఇది అసాధారణమేమీ కాదు, మంచి కేంద్రంలో కూడా జరుగుతుంది. మానేసినవారి పేరిట ఇచ్చిన మొదటి విడతను రెండో విడతలో సర్దుబాటు చేస్తారు. మిగిలిన 24 మందీ పరీక్ష పాసైతే లెక్క 24 మందికే, అంటే 2,37,600. అందులో 80 శాతం 1,90,080. ఇప్పటికే తీసుకున్నది పోగా రెండో విడతలో మీకు వచ్చేది 1,00,980. చివరి విడత 47,520 పూర్తిగా రావాలంటే సర్టిఫికెట్ వచ్చినవారిలో 70 శాతం, అంటే 17 మంది, ఉద్యోగంలో లేదా స్వయం ఉపాధిలో ఉన్నట్టు రుజువు చేయాలి. అందులోనూ సర్టిఫికెట్ వచ్చినవారిలో కనీసం సగం మంది జీతం తీసుకునే ఉద్యోగంలోనే ఉండాలి. 50 నుంచి 69 శాతం మధ్య ఉంటే దామాషాలో ఇస్తారు. సగానికి తగ్గితే, ఉదాహరణకు 11 మందే నిలిస్తే, చివరి విడత సున్నా. అప్పుడు 2,97,000 అనుకున్న బ్యాచ్‌కు మీ చేతికి వచ్చేది 1,90,080. కానీ ట్రైనర్‌కు జీతం, భవనం ఖర్చు, యంత్రాల మరమ్మతు 30 మంది ఉన్నా 24 మంది ఉన్నా ఒక్కటే.

హాస్టల్ ఖర్చు దీనికి అదనంగా ఇస్తారు. 2015 నిబంధనల్లో రోజుకు ఒక్కొక్కరికి గ్రామీణ ప్రాంతమైతే 175 రూపాయలు, పెద్ద నగరాల్లో 300 వరకు ఉండేది. ఇందులో మూడు పూటల తిండి, వసతి, వార్డెన్, కాపలా అన్నీ సరిపెట్టాలి. ఇక్కడ మిగుల్చుకోవాలని చూసిన కేంద్రం నిలవదు. సాంబారు పలచబడిన వారంలోనే పిల్లలు ఇంటికి ఫోన్లు చేస్తారు, ఆదివారం వెళ్లినవాళ్లు సోమవారం తిరిగిరారు, ఆ తర్వాత మొత్తం బ్యాచ్ లెక్కే తప్పుతుంది. నేను పనిచేసినంతకాలం మెస్సు పుస్తకాన్ని హాజరు పుస్తకంతో సమానంగా చూసేవాడిని.

అసలు ఇబ్బంది ఉద్యోగం ఇప్పించడంలో కంటే, ఇప్పించిన ఉద్యోగంలో మూడు నెలలు నిలబెట్టడంలో ఉంది. నిబంధనల ప్రకారం శిక్షణ ముగిసిన మూడు నెలల్లోపు ఉద్యోగంలో చేరాలి, చేరాక కనీసం మూడు నెలలు ఆగకుండా పనిచేయాలి. రుజువుగా నియామక పత్రం, పే స్లిప్పులు, జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంట్ కావాలి. కంపెనీ నగదుగా జీతం ఇస్తే మీ దగ్గర కాగితం ఉండదు. అభ్యర్థి ఒక కంపెనీ వదిలి ఇంకొంచెం ఎక్కువ జీతానికి పక్క కంపెనీలో చేరి మీకు చెప్పకపోతే, ఆ పిల్లాడు బాగుపడ్డా మీ లెక్కలో మాత్రం ఉద్యోగం లేనివాడే. అందుకే చేర్చిన తర్వాత ఆరు నెలలపాటు వారం వారం ఫోన్ చేసి కనుక్కునే మనిషి ఒకరు కేంద్రంలో ఉండి తీరాలి. ఈ పనికి విడిగా ఉద్యోగిని పెట్టడం దండగ అని చాలామంది అనుకుంటారు. ఆ ఒక్క జీతం మిగుల్చుకుని చివరి విడత మొత్తం పోగొట్టుకున్న కేంద్రాలు నాకు తెలుసు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక సంగతి చెబుతాను. బ్యాచ్ ఎప్పుడు ముగుస్తుందో దాన్నిబట్టి ప్లేస్‌మెంట్ మారిపోతుంది. నవంబరు చివర శిక్షణ ముగించి డిసెంబరులో పిల్లలను చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూరు వైపు ఫ్యాక్టరీలకు పంపితే, సంక్రాంతికి అందరూ ఇంటికి వస్తారు. కొత్తగా చేరినవాడికి ఇంటి మీద బెంగ ఇంకా తీరి ఉండదు, చేతిలో మొదటి జీతం ఉంటుంది, ఊళ్లో పండగ ఉంటుంది. కనుమ దాటాక తిరిగి రైలెక్కేవాళ్లు సగం మంది ఉంటే గొప్ప. పని మొదలై అప్పటికి మూడు నెలలు నిండి ఉండవు కాబట్టి ఆ శ్రమంతా లెక్కలోకి రాకుండా పోతుంది. ఈ సంగతి గమనించాక మేము ఇంటర్ ఫలితాలు వచ్చే వేసవిలో పిల్లలను చేర్చుకుని, ఆగస్టు, సెప్టెంబరు నాటికి ఉద్యోగాల్లో చేర్చేలా బ్యాచులు వేసుకునేవాళ్లం. అప్పుడు సంక్రాంతి నాటికి వాళ్లకు అక్కడ స్నేహితులు ఏర్పడతారు, గది అద్దెకు తీసుకుని ఉంటారు, పండగకు వచ్చినా తిరిగి వెళతారు. వేసవిలో ఉద్దానం వైపు జీడి కోత, ఊళ్లల్లో ఉపాధి హామీ పనులు ఉంటాయి కాబట్టి చేర్చుకోవడం కాస్త కష్టమే. అయినా ఆ కష్టం ముందే పడటం మేలు.

పిల్లలను తీసుకురావడాన్ని మా భాషలో మొబిలైజేషన్ అంటారు. పోస్టర్లు అంటించడం, జాబ్ మేళాలో టేబుల్ వేసుకుని కూర్చోవడం దానిలో చిన్న భాగం. సీతంపేట వైపు గూడేల్లో ఆడపిల్లలను కుట్టు మిషన్ ఆపరేటర్ శిక్షణకు అడిగినప్పుడు, జీతం ఎంత అన్న ప్రశ్న తల్లుల నోటివెంట వచ్చేది కాదు. రాత్రిపూట హాస్టల్‌లో ఎవరుంటారు, వార్డెన్ ఆడమనిషేనా, మా అమ్మాయికి జ్వరం వస్తే ఎవరు చూస్తారు, ఫోన్ చేస్తే వెంటనే ఇస్తారా అని అడిగేవాళ్లు. ఈ ప్రశ్నలకు మాటల్లో జవాబు చెబితే చాలదు. మేము ఊరికి ఇద్దరు ముగ్గురు తల్లులను, మహిళా సంఘం లీడర్‌ను వెంటబెట్టుకుని అచ్యుతాపురం వైపు బట్టల ఫ్యాక్టరీకి, కార్మికులు ఉండే హాస్టల్‌కు తీసుకెళ్లి చూపించేవాళ్లం. ఒక తల్లి అక్కడ బాత్రూము తలుపు గడియ వేసి, తీసి, మళ్లీ వేసి చూసుకుని, "సరే, మా పిల్లను పంపుతాం" అంది. ఆ బస్సు ఖర్చుకు ఏ పద్దులోనూ చోటు ఉండదు. కానీ అలా చూసి ఒప్పుకున్న తల్లుల పిల్లలే చివరిదాకా నిలిచారు.

శిక్షణలో కూడా కంపెనీని ముందే పిలవడం వల్ల జరిగే మేలు ఒకటి చెప్పాలి. ఒక కుట్టు బ్యాచ్ మొదలుపెట్టే ముందు, ఫ్యాక్టరీ లైన్ సూపర్‌వైజర్‌ను మా ల్యాబ్ చూసిపొమ్మని పిలిచాం. ఆయన మిషన్ల ముందు కూర్చుని పెడల్ తొక్కి చూసి, ఇవి క్లచ్ మోటారు మిషన్లు, మా దగ్గర అన్నీ సర్వో మోటారువి, మీ పిల్లలు ఇక్కడ కాలు బరువుగా వేయడం అలవాటు చేసుకుని వస్తే అక్కడ మొదటి రోజు దారం తెగుతూనే ఉంటుంది అన్నారు. మార్గదర్శకాల్లోని యంత్రాల జాబితా ప్రకారం మా ల్యాబ్ సక్రమంగానే ఉంది, తనిఖీలో పాసైంది కూడా. అయినా రెండు వరసల మిషన్లు మార్పించాం. చొక్కా మొత్తం కుట్టడం నేర్పే బదులు కాలరు, జేబు, పక్క కుట్టు వంటి ఒక్కొక్క పనినీ గడియారం పెట్టి నేర్పమని కూడా ఆయన చెప్పారు, ఎందుకంటే ఫ్యాక్టరీ లైన్‌లో ఒక్కొక్కరికి ఒక్క పనే ఉంటుంది, గంటకు ఎన్ని ముక్కలన్నదే లెక్క. ఆ బ్యాచ్ పిల్లలు మొదటి వారంలోనే నిలదొక్కుకున్నారు. శిక్షణ కేంద్రం పెట్టాలనుకునేవారు భవనానికి రంగులు వేయించడానికి ముందు చేయవలసిన పని ఇదే. చేర్చుకునేవాళ్లు ఎవరో తెలుసుకుని, వాళ్ల నేల మీద ఏ యంత్రం ఉందో చూసి రావాలి.

స్వయం ఉపాధి చూపించి చివరి విడత తీసుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. తీసుకోవచ్చు, ట్రేడ్ లైసెన్సు, దుకాణం పెట్టిన ఆధారం, ఉత్పత్తిదారుల సంఘంలో సభ్యత్వం, ఆదాయం పెరిగినట్టు బ్యాంకు ఖాతా వంటివి చెల్లుతాయి. కానీ ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టే ఆవిడకు డబ్బు చేతికే వస్తుంది, బ్యాంకులో పడదు. స్వయం ఉపాధే లక్ష్యమైతే దానికి జిల్లా జిల్లాలో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి. కర్ణాటకలో ధర్మస్థల చొరవతో 1982లో ఉజిరెలో మొదలైన పద్ధతి అది. శిక్షణ తర్వాత రుణం వచ్చేదాకా వెంటపడి చూడటం వాళ్ల పద్ధతిలోనే ఉంది. ఆ పని వాళ్లకు వదిలేయడం మంచిది.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వస్తాను. ఇన్ని కోట్లమందికి శిక్షణ ఇస్తే ఉద్యోగాలు ఎందుకు కనబడటం లేదు?

2009 జాతీయ నైపుణ్య విధానం 2022 నాటికి 50 కోట్లమందికి నైపుణ్యం అందించాలని లక్ష్యం పెట్టింది. 2015 విధానం దాన్ని మళ్లీ లెక్కగట్టి సుమారు 40 కోట్లమంది అంది. ఇంత పెద్ద సంఖ్య పైన నిర్ణయమైతే కింద ప్రతి శాఖకు, ప్రతి రాష్ట్రానికి, ప్రతి సంస్థకు ఒక ముక్క వస్తుంది. ఆ ముక్కకు స్థానికంగా ఎన్ని ఉద్యోగాలున్నాయన్న దానితో సంబంధం ఉండదు. 2016లో శారదా ప్రసాద్ నేతృత్వంలో కేంద్ర ప్రభుత్వం వేసిన కమిటీ సరిగ్గా ఈ మాటే రాసింది. టార్గెట్లు చాలా ఎక్కువగా, రంగాల అవసరంతో సంబంధం లేకుండా కేటాయించారని, ఉద్యోగం సంగతి పక్కనబెట్టి అందరూ సంఖ్యల వెంట పడుతున్నారని అది తేల్చింది. క్షేత్రంలో ఉన్న మాకు ఆ నివేదికలో కొత్త విషయం ఏమీ కనబడలేదు. ఫిబ్రవరి వచ్చేసరికి మార్చి 31 లోపు బ్యాచులు మొదలుపెట్టాలని ఫోన్లు వచ్చేవి. ఆ రెండు నెలల్లో హడావుడిగా చేర్చుకున్న బ్యాచులే ఏ కేంద్రంలోనైనా అన్నింటికంటే బలహీనంగా ఉండేవి.

ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన చరిత్ర చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. 2015లో 24 లక్షలమంది లక్ష్యంతో, 1,500 కోట్ల రూపాయలతో మొదలైంది. 2016 నుంచి 2020 వరకు నడిచిన రెండో దశకు కోటి మంది లక్ష్యం, 12,000 కోట్ల కేటాయింపు. ఈ సంఖ్యను చేరుకోవడంలో పెద్ద పాత్ర వహించింది ఆర్‌పీఎల్, అంటే ఇప్పటికే పని తెలిసినవారికి కొద్ది గంటల అవగాహన తరగతి, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి. ఆర్‌పీఎల్ చెడ్డదని నేను అనను. ఇరవై ఏళ్లుగా తాపీ పని చేస్తున్న మేస్త్రికి ఒక గుర్తింపు పత్రం దొరకడం న్యాయమే, గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు అది పనికొస్తుంది కూడా. కానీ అతన్ని కొత్తగా పని నేర్చుకున్నవాడితో కలిపి 'శిక్షణ పొందినవారు' అన్న ఒకే వరసలో లెక్కపెడితే, వార్తల్లో సంఖ్య పెరుగుతుంది, ఊళ్లో కొత్త ఉద్యోగి కనబడడు. మీరు అడిగిన ప్రశ్నకు జవాబులో సగం ఇదే.

మిగతా సగం ప్లేస్‌మెంట్‌ది. ఈ పథకం మొదటి మూడు దశల్లో స్వల్పకాలిక శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ పొందినవారిలో ఉద్యోగం వచ్చినట్టు నమోదైనవారు సుమారు 43 శాతం. అదే డీడీయూజీకేవైలో 2024 నవంబరు వరకు శిక్షణ పొందిన దాదాపు 16.9 లక్షలమందిలో సుమారు 11 లక్షలమందికి, అంటే 65 శాతం మందికి ఉద్యోగాలు చూపించారు. రెండు పథకాల లెక్క కట్టే తీరు ఒకటి కాదు కాబట్టి ఈ పోలికను పట్టుకుని చాలా దూరం వెళ్లకూడదు. అయినా హాస్టల్ ఉండటం, కనీసం 70 శాతం ప్లేస్‌మెంట్ తప్పనిసరి కావడం, ఉద్యోగానంతర మద్దతుకు డబ్బు విడిగా ఉండటం వల్ల తేడా వస్తుందని నా అనుభవం గట్టిగా చెబుతోంది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన నాలుగో దశలో మాత్రం ప్లేస్‌మెంట్‌ను లెక్కలోంచి తప్పించారు, అభ్యర్థి తన దారి తాను ఎంచుకునేలా తీర్చిదిద్దడమే ఉద్దేశమని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. నేను దీనితో ఏకీభవించను. ఉద్యోగాన్ని లెక్కించడం కష్టమే, అందులో తప్పుడు కాగితాలు వస్తాయన్నదీ నిజమే. అయినా చివరి విడత ఉద్యోగంతో ముడిపడి ఉన్నప్పుడే కేంద్రం నడిపేవాడు కంపెనీ గేటు దగ్గరికి వెళతాడు. ఆ ముడి తీసేస్తే పరీక్ష రోజుతోనే అతని బాధ్యత ముగిసిపోతుంది.

కాగితాల సంగతి ఎత్తాను కాబట్టి ఇదీ చెప్పాలి. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనపై 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్, అంటే ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ, నివేదిక, తాను పరిశీలించిన లబ్ధిదారుల రికార్డుల్లో 94 శాతానికి పైగా బ్యాంకు ఖాతా గడిలో సున్నాలో, ఖాళీయో, పనికిరాని సమాచారమో ఉందని తేల్చింది. మీరు కేంద్రం నడిపితే ఇలాంటి తనిఖీ ఎప్పుడో ఒకప్పుడు మీ రికార్డుల మీదకు వస్తుంది. అందుకని మొదటి బ్యాచ్ మొదటి రోజు నుంచే ప్రతి అభ్యర్థికీ ఒక ఫైలు పెట్టండి: ఆధార్ ప్రతి, బ్యాంకు పాసు పుస్తకం మొదటి పేజీ, తల్లిదండ్రుల సమ్మతి, బయోమెట్రిక్ హాజరు, యూనిఫాం ముట్టినట్టు సంతకం, తర్వాత నియామక పత్రం, మూడు పే స్లిప్పులు. ఐదేళ్ల తర్వాత ఆడిటర్ అడిగినా తీసి ఇవ్వగలగాలి.

డబ్బు ఎటు వెళుతుందన్న దానిలో ఇప్పుడు కొంత మార్పు కనబడుతోంది. తలకు ఇంత అని చెల్లించే పద్ధతి పక్కనే, ఉన్న సంస్థలను బలపరచడానికి పెట్టుబడి పెట్టే పద్ధతి పెరుగుతోంది. 2025 మేలో కేంద్ర మంత్రివర్గం 1,000 ప్రభుత్వ ఐటీఐల స్థాయి పెంచడానికి 60,000 కోట్ల పథకాన్ని ఆమోదించింది, అందులో 30,000 కోట్లు కేంద్రం, 20,000 కోట్లు రాష్ట్రాలు, 10,000 కోట్లు పరిశ్రమలు భరించాలి. తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు. పరిశ్రమ తన డబ్బు పెట్టినచోట ఏ కోర్సు కావాలో అదే చెబుతుందని నా ఆశ. అప్రెంటిస్‌షిప్‌కూ ఇదే తర్కం వర్తిస్తుంది, అక్కడ పిల్లాడు మొదటి రోజు నుంచే అసలు యంత్రం మీద ఉంటాడు. కానీ అక్కడ కూడా సంఖ్య ముందు పరిగెత్తింది. 2016లో 10,000 కోట్లతో 50 లక్షలమంది అప్రెంటిస్‌లన్న లక్ష్యంతో మొదలైన జాతీయ పథకం గడువు నాటికి ఆ సంఖ్యకు చాలా దూరంలో ఆగింది. చిన్న కంపెనీలకు కాగితాల బరువు, స్టైపెండ్ వాపసు రావడంలో ఆలస్యం ఎక్కువని వాళ్ల హెచ్‌ఆర్ వాళ్లు నాతో చాలాసార్లు అన్నారు.

మళ్లీ మీ భవనం దగ్గరికి వస్తాను. మీకు శిక్షణ రంగంలో అనుభవం లేదని ప్రశ్నలోనే రాశారు. అలాంటప్పుడు సొంతంగా శిక్షణ సంస్థగా నమోదు కావడం కంటే, ఇప్పటికే మంజూరు పొందిన సంస్థకు భవనాన్ని అద్దెకు ఇవ్వడం మీకు క్షేమం. అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించండి. అద్దె ప్రభుత్వ విడతలతో ముడిపడకుండా నెలనెలా వచ్చేలా రాయించుకోండి, కనీసం ఆరు నెలల అద్దె డిపాజిట్‌గా తీసుకోండి. తరగతి గది కొలతలు, ఆడపిల్లలకు, మగపిల్లలకు విడి విడి మరుగుదొడ్లు, సీసీ కెమెరాలు, అగ్నిమాపక ఏర్పాట్లకు పథకం నిబంధనల్లో స్పష్టమైన ప్రమాణాలు ఉంటాయి. మార్పులకు ఖర్చు ఎవరిదో ఒప్పందంలోనే తేల్చుకోండి.

ఒక జాగ్రత్త ఉంది. "మా పేరు మీద టార్గెట్, మీ చేతుల మీదుగా శిక్షణ, వచ్చిన దాంట్లో ఇంత శాతం మాకు" అని ఎవరైనా అంటే అది సబ్‌లెట్ లేదా ఫ్రాంచైజీ అవుతుంది. డీడీయూజీకేవై దాన్ని నిషేధించింది. ట్రైనర్లు, కేంద్రం ఇంచార్జి మంజూరు పొందిన సంస్థ జీతం మీదే ఉండాలి. మీ మధ్యవర్తి చెప్పిన పద్ధతి వింటే ఇదేనని నాకు అనుమానంగా ఉంది. అలాంటి ఏర్పాటులో ఖర్చంతా మీ చేతిలోంచి పోతుంది, విడత సొమ్ము ఇంకొకరి ఖాతాలో పడుతుంది, తనిఖీలో బయటపడితే ఒప్పందం రద్దవుతుంది, మీరు కోర్టుకు వెళ్లినా చూపించడానికి చెల్లే కాగితం ఉండదు.

సొంతంగానే చేయాలన్న పట్టుదల ఉంటే, ముందు ప్రభుత్వ సొమ్ము లేకుండా ఒక చిన్న కోర్సు నడిపి చూడండి. మీ ప్రాంతంలో ద్విచక్ర వాహనాల మరమ్మతు, సోలార్ పంపుల మెకానిజం, ఆసుపత్రి సహాయకుల కోర్సులకు కాస్తో కూస్తో ఫీజు కట్టి నేర్చుకునేవాళ్లు దొరుకుతారు. పది పదిహేను మందికి నేర్పి, మీరే నలుగురు యజమానుల దగ్గరికీ తిరిగి వాళ్లను ఉద్యోగాల్లో చేర్చండి. ఏ యజమాని మళ్లీ ఫోన్ చేసి ఇంకో ఇద్దరిని పంపమన్నాడో చూసుకోండి. ఆ అనుభవం చేతిలో ఉన్నాక స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ పోర్టల్‌లో గానీ, సీడాప్ ప్రకటన ఇచ్చినప్పుడు గానీ నేరుగా దరఖాస్తు చేయండి. ఫీజు ఏదైనా ఉంటే అది పోర్టల్‌లోనే కట్టాలి, రసీదు వెంటనే వస్తుంది. మనిషి చేతికి ఇచ్చే ఫీజు ఏ పథకంలోనూ లేదు.

ఆ మధ్యవర్తి మళ్లీ వస్తే మూడు కాగితాల ప్రతులు అడగండి: ఏ సంస్థ పేరిట టార్గెట్ మంజూరైందో ఆ ఉత్తర్వు, రాష్ట్ర మిషన్‌తో ఆ సంస్థ చేసుకున్న ఒప్పందం, గత రెండేళ్లలో ఆ సంస్థ ఉద్యోగాల్లో చేర్చిన అభ్యర్థుల జాబితా. ఉత్తర్వు ప్రతిని తీసుకుని సీడాప్ కార్యాలయానికి రాస్తే, ఆ సంస్థకు మీ జిల్లాలో నిజంగా కేటాయింపు ఉందో లేదో తెలుస్తుంది. జాబితాలోంచి మీకు తోచిన ఐదుగురికి మీరే ఫోన్ చేసి ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారని అడగండి. ఆ ఐదు ఫోన్ల తర్వాత ఇంకా సందేహం మిగిలితే వివరాలతో మళ్లీ రాయండి, చూసి చెబుతాను.